గుడ్డపీలికల దారి

బెల్మారా ఊళ్ళో తీస్కర్‌కి ఎదురు చెప్పడానికి ఎవరూ సాహసించని విషయాలు రెండే. ఒకటి, కూరలో వెల్లుల్లి ఎంత పడాలన్నది. రెండోది, మాఖినా కొండల్లో ఏ బాట ఎటు తేలుతుందన్నది. మిగతా వాటన్నిటి మీదా ఊరు ఊరంతా ఆవిడతో వాదించేది. ఆవిడా తగ్గేది కాదు.

బాటల సంగతి ఆవిడకి ఊరికే తెలియలేదు. ఒలీవ కోతల రోజుల్లో తోటకి మధ్యాహ్నం తిండి చేరవేసే పని చిన్నప్పటి నుంచీ ఆవిడదే. తండ్రి అనస్తాసియోకి ఓ పాత సైకిలుండేది. సీటెక్కితే పిల్ల కాళ్ళు అందేవి కావు. అందుకని కడ్డీ కింద నుంచి ఓ కాలు దూర్చి, ఒంకరగా వేలాడుతూ తొక్కేది. ముందు బుట్టలో రొట్టెలు, నూనె సీసా, ఉప్పు చేప. ఆడపిల్ల సైకిలెక్కడమేమిటని అమ్మలక్కలు బుగ్గలు నొక్కుకుంటే, "మీ ఇంట్లో మగపిల్లాడు తెస్తే రొట్టె చల్లారిపోతోంది. మా పిల్ల తెస్తే వేడిగా ఉంటోంది. ఇంక మాట్లాడకండి" అన్నాడు అనస్తాసియో. ఆయనా అలాంటివాడే. ఆ ఇంటి రక్తమే అంత.

పెద్దయ్యాక కూడా తీస్కర్ ఏప్రాన్ జేబులో ఎప్పుడూ నాలుగు పచ్చి ఒలీవ కాయలుండేవి. కొత్త బాట కనిపిస్తే సైకిల్ దిగి, ఓ కాయ నేల మీద పెట్టి చూసేది. కాయ ఉన్నచోటే ఉంటే, ఆ బాటన ముసలమ్మలైనా సైకిల్ తొక్కుతారు. మెల్లగా దొర్లితే, ఒగరుస్తూ అయినా పైకి చేరతారు. ఎగిరెగిరి లోయలోకి పోయిందా, ఆ బాట మేకలకి వదిలెయ్యాల్సిందే. ఆవిడ పరీక్ష ఇంతే. ఒక్కసారీ తప్పలేదు.

తండ్రి పోయాక పంపకాల్లో కొండ మీద తోట అన్న మెలితోన్‌కీ, ఊళ్ళో ఇల్లూ దాని వెనకున్న కంచరగాడిదల కొట్టమూ తీస్కర్‌కీ వచ్చాయి. అన్నాచెల్లెళ్ళిద్దరూ అప్పటికి బాగానే ఉన్నారు. ఓ చలికాలం, వానలో తడిసి ముద్దయిన సైకిల్ యాత్రికులు ఇద్దరు, హాలండు నుంచి వచ్చినవాళ్ళు, తీస్కర్ తలుపు తట్టారు. ఊళ్ళో సత్రం లాంటిదేమీ లేదు. ఆవిడ వాళ్ళకి వెల్లుల్లి చారు పోసి, కొట్టంలో గడ్డి మీద దుప్పట్లు పరిచింది. ఇంత హాయిగా ఎక్కడా నిద్రపోలేదని చెప్పి, పొద్దున్నే ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఊపి మరీ వెళ్ళారు వాళ్ళు. ఆ మధ్యాహ్నమే ఆవిడ భర్త హినేస్ చేతికి పలుగిచ్చింది.

ఏడాది తిరిగేసరికి కొట్టం మూడు గదులయింది. గాడిదలకి మేత వేసే రాతి తొట్టిని మాత్రం ఎంతమంది పట్టినా కదల్లేదు. దాని పైన కుళాయి బిగించి, యాత్రికులు మొహం కడుక్కునే తొట్టి చేశారు. గొడవ ఆ తొట్టి దగ్గరే వచ్చింది.

చూడ్డానికొచ్చిన మెలితోన్ గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. "నాన్న తన చేత్తో గాడిదలకి గడ్డేసిన తొట్టిలో ఎవడో హాలండువాడు మొహం కడుక్కుంటాడా?"

"కడుక్కుంటాడు. పళ్ళు కూడా తోముకుంటాడు" అంది తీస్కర్. "ఆ గాడిద చచ్చి ఎన్నేళ్ళయిందన్నయ్యా? దాని మీదున్న ప్రేమలో పిసరంత నీ చెల్లెలి మీద ఉంటే, చెయ్యి కలిపి ఈ గోడకింత సున్నం కొట్టేవాడివి."

"సున్నం కాదు, నీ గుమ్మం తొక్కితే ఒట్టు."

"నీ తోటలో గుక్కెడు నీళ్ళు తాగితే నా మీద ఒట్టు."

ఆ సాయంత్రమే మెలితోన్ కొండ మీద తోట మొదట్లో బాటకి అడ్డంగా గొలుసు కట్టేశాడు. అది మామూలు బాట కాదు. బరువు మోసే గాడిద ఎక్కడా ఆగి ఆయాసపడకూడదని అనస్తాసియో ఏళ్ళ తరబడి రాళ్ళు పేర్చి, మెలికలు మెలికలుగా కొండెక్కించిన బాట. అనస్తాసియో మెలికలనే అంటారు దాన్ని. కాయ పెడితే ఉన్నచోటే ఉండే బాట ఆ కొండ మొత్తానికి అదొక్కటే.

అప్పటి నుంచి ఐదేళ్ళు వాళ్ళిద్దరికీ మాటల్లేవు. మాటల్లేవంటే మాట్లాడుకోలేదని కాదు. మెలితోన్ వెనకే తిరిగే కుక్క కనేలోతో మాట్లాడేవాళ్ళు. రొట్టెల దుకాణంలో ఎదురుపడితే, "కనేలో, కొంతమందికి జలుబు చేసినట్టుంది, కషాయం తాగమను" అనేవాడు అన్న. "కనేలో, కొంతమంది ముందు తమ చొక్కాకి గుండీలు కుట్టించుకుంటే బాగుంటుందని చెప్పు" అనేది చెల్లెలు. కనేలో ఇద్దరి మొహాలూ చూసి తోకాడించేది. మధ్యలో మెలితోన్ భార్య కసిల్డా, "నా పెళ్ళిలో ఈ కుక్కనే తోటిపెళ్ళికూతుర్ని చెయ్యాల్సింది" అని నెత్తి కొట్టుకునేది.

అలా ఉండగా, టూర్లు నడిపే ఓ కంపెనీ నుంచి హెడ్విగ్ అనే పొడుగాటి బెల్జియం ఆవిడ ఆకులు రాలే కాలంలో వచ్చింది. రైలు దిగే ఊరి నుంచి కొండ దాటి బెల్మారాలో రాత్రి బస చేసేలా ఓ సైకిల్ దారి కోసం చూస్తోందట. తీస్కర్ గదులు చూసింది, వంట తింది, రెండోసారి పెట్టించుకుంది. "ఫిబ్రవరిలో మా వాళ్ళని కొందర్ని తీసుకొచ్చి స్వయంగా తొక్కి చూస్తాను. దారి నచ్చితే వసంతం నుంచి వారం వారం మనుషులొస్తారు. నచ్చకపోతే కింద ఏటి వెంబడే వెళ్ళిపోతాం, ఇటు రాం" అని వచ్చీరాని భాషలో చెప్పింది.

ఆ మాట తీస్కర్ గుండెలో గుచ్చుకుని ఉండిపోయింది. హినేస్‌కి నడుం పోయి రెండు కోతలయింది, కర్ర పట్టి కాయ దులపలేడు. గదులు నెలలో సగం రోజులు ఖాళీ. ఈ దారి కుదరకపోతే గదులకి తాళం పెట్టి, ఊళ్ళో చాలామంది ఆడవాళ్ళలాగే తనూ సముద్రతీరం హోటళ్ళలో పక్కలు సర్దే పనికి పోవాల్సిందే. కొండ కనిపించని చోట ఎలా బతుకుతారో ఆవిడకి తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

దారి కుదరాలంటే మెలికల బాట కావాలి. అది కాదంటే మిగిలింది రాతి క్వారీ లారీల రోడ్డు. దుమ్ము, హారన్లు, పైగా కాయ ఎగిరెగిరి పోయే నిట్టనిలువు ఎత్తు. తీస్కర్ కసిల్డా చేత కబురు పెట్టింది. సాయంత్రానికి జవాబొచ్చింది.

"కావాలంటే నోరు తెరిచి తననే అడగమన్నాడమ్మాయ్" అంది కసిల్డా. "ఒక్క మాట. అడిగేస్తే ఏం పోతుందే నీకు?"

"అడగను వదినా. గొలుసు కట్టింది తను. విప్పాల్సిందీ తనే."

"నీ తలా మీ అన్న తలా కలిపి మరలో వేసినా చుక్క నూనె దిగదు" అంటూ కసిల్డా పైట సర్దుకున్నట్టు శాలువా విసురుగా భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఇక లారీల రోడ్డే గతి అనుకుంది తీస్కర్. హెడ్విగ్‌కి ఫోన్ చేసి, "దారి తప్పుతారని భయపడకండి. ప్రతి మలుపు దగ్గరా ఒలీవ కొమ్మకి గుడ్డపీలిక కట్టి ఉంచుతాను. పీలిక ఎటుంటే అటు తిరగండి" అని చెప్పింది. అప్పటికి జేబుల్లో ఫోన్లు, వాటిలో దారులు ఇంకా రాలేదు. ఇంట్లో పాత ఎర్ర కర్టెన్ ఒకటుంటే చింపి పీలికలు చేసింది. పీలిక రంగు ఏమిటో మాత్రం హెడ్విగ్‌కి చెప్పలేదు. మా ఊరివాళ్ళెవరూ చెప్పరు. ఎందుకంటే కొమ్మకి తెల్ల పీలిక కనిపిస్తే దాని అర్థం ఏమిటో ఇక్కడ పసిపిల్లకీ తెలుసు.

తెల్ల పీలికంటే ఆ తోటలో కోత ముగిసిందని. ఆఖరి చెట్టు దులిపేశాక, ఆ ఇంటివాళ్ళు పాత దుప్పటి చింపి, రోడ్డు నుంచి తమ వంట పొయ్యి దాకా వరసగా పీలికలు కడతారు. ఆ పీలికలు పట్టుకుని ఎవరొచ్చినా కడుపునిండా పెట్టాలి. వచ్చినవాడు తినకుండా పోకూడదు, పెట్టేవాడు పొమ్మనకూడదు. తిన్నాక తోట హద్దు దాకా తోటవాడే వెంట నడిచి సాగనంపాలి. ఒకసారి దొంగతనంగా కుందేళ్ళు పట్టినవాణ్ణి పట్టుకెళ్ళడానికొచ్చిన పోలీసు, చూసుకోకుండా మొదటి పీలిక దాటేశాడు. చేసేదేముంది, ఆ కుందేలు కూరే తిని, చెయ్యి కడుక్కుని, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళాడు. ఇక ఆఖరి చెట్టు దులపకుండా పీలిక కట్టడమన్నది మా ఊళ్ళో ఎవరి ఇంటా లేదు. కడితే ఆ ఇంటి పరువు ఏడాది పొడుగునా రొట్టెల దుకాణంలో నలుగుతుంది.

తీస్కర్ ఆ జాగ్రత్త కూడా పడింది. అటు పక్కన ఇంకా కోతలో ఉన్నది మెలితోన్ తోట ఒక్కటే. ముందు రోజే కసిల్డాని అడిగింది. "దిగువన ఇంకా రెండు వరసలున్నాయి, ఆదివారం దాకా తెమలదు" అంది కసిల్డా. హెడ్విగ్ వాళ్ళు వచ్చేది గురువారం. బెంగలేదు.

గురువారం పొద్దున్నే తీస్కర్ సైకిల్ మీద వెళ్ళి లారీల రోడ్డు పొడుగునా ఎర్ర పీలికలు కట్టొచ్చింది. మెలికల బాట చీలే చోట కడుతుంటే, పై గట్టు మీద నుంచి కనేలో మొరిగింది. ఎవరో దాన్ని ఊరుకోబెట్టారు. తీస్కర్ తలెత్తి చూడలేదు. ఇంటికొచ్చి మాంసం పొయ్యి మీద పెట్టింది. గదుల్లో నారింజ పళ్ళు పెట్టింది. మధ్యాహ్నమైంది. ఎవరూ రాలేదు. మాంసం ఎముక వదిలేసింది. ఎవరూ రాలేదు. హినేస్ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, కనిపించిన ప్రతి గొర్రెల మందనీ సైకిళ్ళనుకుని లేవబోవడం, నడుం పట్టేసి మళ్ళీ కూలబడడం.

క్వారీ లారీ ఒకటి ఇంటి ముందు ఆగింది. డ్రైవర్ ఫాబ్రిసియో తల బయట పెట్టాడు.

"పిన్నీ, ఈ చివర నుంచి ఆ చివర దాకా తోలుకొచ్చా. సైకిలన్నది ఒక్కటీ కనపడలా!"

తీస్కర్ పొయ్యి మీంచి మాంసం దించేసింది. లోయలో పడ్డారా? విసిగిపోయి ఏటి దారి పట్టారా? ఏది నిజమైనా తన పని అయిపోయినట్టే. ఏప్రానైనా విప్పకుండా సైకిలెక్కింది.

చీలిక దగ్గర ఎర్ర పీలిక తను కట్టినచోటే ఉంది. కానీ దానికెదురుగా మెలితోన్ తోట మొదటి చెట్టు కొమ్మకి తెల్ల పీలిక ఊగుతోంది. అవతలి మలుపులో ఇంకోటి. దాని పైన ఇంకోటి. గొలుసు గడ్డిలో పడి ఉంది. బురదలో సన్నటి టైర్ల గుర్తులన్నీ తెల్ల పీలికల వైపే పోయాయి.

"రంగు చెప్పకపోతిని!" అని నుదురు కొట్టుకుంది తీస్కర్. ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఆదివారం దాకా తెమలని కోత ఇవాళే ఎలా తెమిలింది? కూలీల్ని ఎక్కువ మందిని పెట్టించాడా? కావాలని, సరిగ్గా ఈ రోజునే?

మొదటి పీలిక ముందు ఓ కాలు నేల మీద ఆనించి నిలబడిపోయింది. అది దాటితే అన్న చేతి తిండి తినాలి. గుక్కెడు నీళ్ళు తాగనని ఐదేళ్ళ కిందట పెట్టుకున్న ఒట్టు. వెనక్కి తిరిగితే, తనని నమ్మి వచ్చినవాళ్ళని అక్కడ వదిలేసినట్టు. ఒట్టు పెట్టుకున్న నోటినే నాలుగు తిట్లు తిట్టుకుని, పెడల్ మీద కాలేసింది.

మెలికల బాట ఐదేళ్ళకి మళ్ళీ చక్రం కిందికొచ్చింది. మొదటి మలుపు, రెండో మలుపు. ఊపిరి అందుతూనే ఉంది. రాళ్ళ మధ్య గడ్డి పీకి శుభ్రంగా ఉంచాడు అన్న. పడిపోయిన గోడ ఓ చోట కొత్తగా పేర్చాడు. నాన్న గాడిద వెనక నడుస్తూ ఈల వేసే మలుపొకటుంది. అక్కడికి రాగానే తీస్కర్‌కి కళ్ళు మసకబారాయి. గాలి అనుకుంది. గాలేమీ లేదు.

పైన నవ్వులు వినిపించాయి. వెళ్ళి చూస్తే ఏముంది, పసుపు చొక్కాల సైకిల్ జనం అంతా కాయలు పట్టే వలల మీద చతికిలబడి, గడ్డాల దాకా నూనె కారుతుంటే రొట్టెలు కొరుకుతున్నారు. కసిల్డా పెద్ద పెనం మీద రొట్టెపొడి, వెల్లుల్లి, మిరపకాయలు వేసి కలుపుతోంది. నడి మధ్యలో మెలితోన్ గుండ్రటి రొట్టెకి గుంట చేసి, నూనె నింపి, తీసిన మెత్తటి ముక్కతోనే మూత పెట్టి హెడ్విగ్‌కి చూపిస్తున్నాడు.

"ఇలా బిరడా పెట్టి కాసేపు ఆగాలి. ఆగకుండా తింటే చొక్కా తింటుంది, నువ్వు తినవు. ఈ బాట మా నాన్న వేశాడు తెలుసా? ఇంజనీరు కాదు, ఏమీ కాదు. గాడిదని అడిగి వేశాడు."

తీస్కర్‌ని చూసి మాట ఆపేశాడు. కనేలో మాత్రం పరిగెత్తుకొచ్చి ఆవిడ మీద కాళ్ళేసింది.

"కనేలో," అన్నాడు మెలితోన్ ఎటో చూస్తూ. "వచ్చినావిడకి రొట్టె ఇవ్వాలి, కూర్చోమను."

"కనేలో, నేను తినడానికి రాలేదు, నా మనుషుల కోసం వచ్చానని చెప్పు."

"కనేలో, పీలిక దాటినవాళ్ళు తినకుండా పోయే ఆచారం ఎప్పటి నుంచి వచ్చిందో కనుక్కో."

"ఆ కుక్కని వదిలిపెట్టండయ్యా!" అని అరిచింది కసిల్డా పెనం మీద గరిటె కొట్టి. "దానికీ ఆకలేస్తోంది. నువ్వు కూర్చోవే. నువ్వు పెట్టవయ్యా."

మెలితోన్ చేతిలో ఉన్న రొట్టె అలాగే తెచ్చి అందించాడు. తీస్కర్ బిరడా తీసి కొరికింది. కొత్త నూనె గొంతులో ఘాటుగా దిగింది. నాన్న చెట్ల నూనె. ఆ రుచి మర్చిపోయాననుకుంది. ఏమీ మర్చిపోలేదు.

హెడ్విగ్ పక్కకి జరిగి చోటిచ్చింది. "తీస్కర్, ఎంత దాచిపెట్టావు మా దగ్గర! ఇలాంటి దారి ఉందని ముందే ఎందుకు చెప్పలేదు? మావాళ్ళలో ఒక్కరూ సైకిల్ దిగలేదు. ఇదే దారి, ఇంక ఆలోచించేది లేదు. ప్రతి వారం ఇటే వస్తాం. తోటాయన ఒప్పుకుంటే."

అందరూ మెలితోన్ వైపు చూశారు. ఆయన టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఆ బాట గాడిదలెక్కడానికి వేసింది. ఇప్పుడు గాడిదలు లేవు. ఎవరో ఒకరు ఎక్కాలిగా" అన్నాడు.

సైకిల్ జనం పకపకా నవ్వారు. తీస్కర్ నవ్వలేదు. రొట్టె నములుతూ అలవాటుగా చెట్ల వంక చూసింది. తోటలో పెరిగినవాళ్ళ కళ్ళు తింటున్నా చెట్ల మీదే ఉంటాయి. గట్టు కిందుగా, దిగువన, రెండు వరసలు. కొమ్మలు నల్లగా, నిండుగా వేలాడుతున్నాయి. ఒక్క కాయా రాలలేదు. కింద వలలు కూడా పరవలేదు.

నమలడం ఆగిపోయింది. కోత ముగియలేదు. ముగియకుండానే పీలికలు కట్టాడు. పొద్దున గట్టు మీద కుక్కని ఊరుకోబెట్టింది ఎవరో, ఎర్ర పీలికలు లారీల రోడ్డుకేసి పోతుంటే చూస్తూ నిలబడింది ఎవరో ఇప్పుడర్థమైంది. నోరు తెరిచి రమ్మనలేక, రొట్టెల దుకాణంలో ఊరంతా నవ్వినా నవ్వనీ అనుకుని, ఇంటి దుప్పటి చింపాడు ఈ మొండి మనిషి. తను లారీల రోడ్డు పట్టింది గానీ అడగలేదు. అన్న మాత్రం పరువు తీసి కొమ్మకి కట్టాడు. తీస్కర్‌కి సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ ప్రేమ పొంగింది.

లేచి, చేతులకంటిన నూనె ఏప్రాన్‌కి తుడుచుకుని, చెట్టుకి ఆనించి ఉన్న పొడుగాటి కర్ర అందుకుంది.

"అన్నయ్యా" అంది.

కనేలో చెవులు నిక్కించింది. కసిల్డా చేతిలో గరిటె ఆగింది.

"పీలికలు కట్టేసి దిగువ వరసలు వదిలేస్తే ఊళ్ళో తలెత్తుకోగలమా? వల ఆ కొస పట్టు. చీకటి పడేలోగా దులిపేద్దాం."

మెలితోన్ దగ్గరికొచ్చి, "నువ్వు కర్ర ఎడంచేత్తో పడతావు. కొమ్మలు విరుగుతాయి. చిన్నప్పటి నుంచీ చెబుతున్నా" అన్నాడు. కుక్కతో కాదు, ఆవిడతోనే. వంగి వల కొస పట్టుకున్నాడు.

ఆ రెండు వరసలూ దులిపింది సగం సైకిల్ జనమే. కొమ్మ కొట్టమంటే మాను కొట్టినవాడొకడు, కాయలతో పాటు తన కళ్ళద్దాలు కూడా బస్తాలో పోసుకున్నవాడొకడు. మోకాళ్ళ మీద పాకుతూ కాయలేరుతున్న హెడ్విగ్, ఇది కూడా దారిలో భాగమేనా, ప్రతి వారం ఉంటుందా అని అడిగింది. కసిల్డా "ఉంటుంది, ఉంటుంది, బట్టలుతకడం కూడా ఉంటుంది" అంది. ఎండ కొండ అంచుకి దిగేసరికి ఆఖరి చెట్టు ఖాళీ అయింది.

ఆచారం ప్రకారం మెలితోన్ అందర్నీ సాగనంపడానికి బయలుదేరాడు. మలుపు మలుపునా బాట గురించి చెబుతూనే ఉన్నాడు. హద్దు చెట్టు వచ్చింది. అక్కడ ఆగి టోపీ తీయాలి. ఆగలేదు. ఎర్ర పీలిక దాటాడు, వంతెన దాటాడు, ఊళ్ళోకొచ్చాడు. తీస్కర్ సైకిల్ నడిపించుకుంటూ పక్కనే వచ్చింది. హద్దు దాటావని చెప్పలేదు. చెబితే వెనక్కి పోతాడేమోనని భయం.

కొట్టం గుమ్మం దగ్గర మాత్రం మెలితోన్ తటపటాయించాడు. తర్వాత కాలు లోపల పెట్టాడు. ఒలీవ మరకలతో నల్లబడిన చేతులు చూసుకున్నాడు. రాతి తొట్టి దగ్గరికెళ్ళి కుళాయి తిప్పి, చేతులు కడుక్కున్నాడు. మొహం కడుక్కున్నాడు. తడి చేత్తో తొట్టి అంచుని ఓసారి నిమిరాడు.

"నీళ్ళు చల్లగా ఉన్నాయి" అన్నాడు.

తీస్కర్ తువ్వాలు అందించింది. మొహం తుడుచుకుంటూ ఆయన గోడ వంక చూశాడు. ఇంకా దగ్గరగా వెళ్ళి వేలితో గీకాడు. పొలుసులుగా ఊడింది.

"ఈ సున్నం కొట్టిన చేతకానివాడెవడు?"

"నేనే" అన్నాడు హినేస్ కుర్చీలోంచి, మొహం ముడుచుకుని.

"రేపు పొద్దున నేనొస్తా" అన్నాడు మెలితోన్ చెల్లెలితో. "బకెట్టు సిద్ధంగా పెట్టు."